వీధి గుమ్మానికి మోల్డింగ్: కొలత నుంచి రంగు దాకా

గుమ్మం చుట్టూ గోడ మీద ఉబ్బెత్తుగా తేలే పట్టీ, దాని నెత్తిన ముందుకు వచ్చే కార్నిస్, కింద రెండు దిమ్మలు. వీధి గుమ్మం మోల్డింగ్ అంటే ఇంతే. దాని అందమంతా నీడలో ఉంది. తూర్పు గుమ్మం మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే ప్రతి ఉబ్బు పక్కనా సన్నటి నీడగీత పడుతుంది. ఆ గీతలు తిన్నగా వస్తే ఇంటికి కళ వస్తుంది, వంకరపోతే వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. దాని ఆయుష్షు మాత్రం నీళ్ళ చేతిలో ఉంది. కార్నిస్ నెత్తిన నిలిచే వాన, గడప కడిగినప్పుడు చిందే నీళ్ళు, గోడలోంచి వచ్చే చెమ్మ: ఈ మూడూ ఎటు పోతాయో తేల్చుకున్నాకే డిజైన్ ఎంచుకోండి. కొట్టులో కేటలాగు చూసి డిజైన్ ముందే ఖాయం చేసుకుంటే నీళ్ళ సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ.

ఇక్కడి లెక్కలన్నీ బయటి కొలత మూడున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న ద్వారబంధానికి. మీది వేరైతే అదే పద్ధతిలో మార్చుకోండి. మోల్డింగ్ గోడ మీదే ఉంటుంది, ద్వారం లోపలికి రాదు. కాబట్టి వాస్తు ప్రకారం పెట్టుకున్న ద్వారం కొలత, గడప ఎత్తు మారవు.

ముందు గోడను పరీక్షించండి

చెక్క సుత్తితో గానీ వేలి కణుపుతో గానీ గుమ్మం చుట్టూ అడుగున్నర వెడల్పున కొట్టి వినండి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. ఆ మేర ఊడగొట్టి 1:4 సిమెంటు, ఇసుకతో మళ్ళీ పూత పెట్టించి వారం రోజులు తడపాలి. తర్వాత ఇంకో మూడు వారాలు ఆరనివ్వాలి. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద దగ్గర్లోనే దొరుకుతుంది కనుక ఈ చుట్టుపక్కల ఫ్లైయాష్ ఇటుకలతో కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఇటుక ముఖం నున్నగా ఉంటుంది. ముందు సిమెంటు పాలు చల్లకుండా పూత పెడితే పట్టు తక్కువ. అలాంటి గోడల్ని ఇంకాస్త శ్రద్ధగా కొట్టి చూడండి.

చెమ్మ తెలుసుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి గోడకు అతికించి రాత్రంతా వదిలేయండి. పొద్దున లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచిన ఇళ్ళలో ఈ పరీక్ష మానొద్దు. నీళ్ళు నిలిచిన మట్టం కింద గోడ చూడటానికి ఆరినట్టే ఉన్నా, తెల్లటి ఉప్పు పొడి తేలుతూ ఉంటే లోపల చెమ్మ ఇంకా కదులుతోందని అర్థం. దాని మీద ఏ జిగురు పెట్టినా ఆ ఉప్పే వెనకనుంచి నెట్టేస్తుంది.

గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో మరో తనిఖీ ఉంది. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పునాది కదిలితే ముందు బయటపడేది ద్వారం పై మూలల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగులు. దాని మీద అడ్డంగా వేలెడు వెడల్పున సిమెంటు పట్టీ ఒకటి పెట్టి తేదీ రాయండి. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం గడిచినా పట్టీ చిట్లకపోతే అది పాత పగులు, నింపేసి పని మొదలుపెట్టొచ్చు. చిట్లితే గోడ ఇంకా కదులుతోంది. మోల్డింగ్ ఖర్చు పక్కన పెట్టి ముందు ఇంజినీరుకు చూపించండి.

ఏ సరుకు

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే జిప్సం) బయట వద్దు. పోర్టికో కింద కదా, తడవదు కదా అని పెట్టేస్తుంటారు. తుపాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన లాంటి వానకు పోర్టికో లోపలి గోడ కూడా తడుస్తుంది. జిప్సం నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది, తర్వాత పొడిగా రాలుతుంది.

పీవీసీ పట్టీలు తేలిక, నీటికి చెడవు. కానీ వేడికి సాగుతాయి. 8 అడుగుల ముక్క 30 డిగ్రీల తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన మే నెల ఎండలో పడమటి గోడ మీద ముదురు రంగు పీవీసీ అంతకన్నా ఎక్కువే వేడెక్కుతుంది, మూలల అతుకులు నోళ్ళు తెరుస్తాయి. నీడపట్టున ఉన్న గుమ్మానికి పరవాలేదు.

ఈపీఎస్ అంటే లోపల థర్మోకోల్, పైన ఫైబర్ జాలీతో పాలిమర్ సిమెంటు పూత. తేలిక, పాత గోడకు అనువు, రెండు మూడు రోజుల్లో పని అయిపోతుంది. కొనేటప్పుడు థర్మోకోల్ సాంద్రత ఘనపు మీటరుకు 20 కిలోలకు తగ్గకూడదని అడగండి. తెగిన అంచు చూసి పూత కనీసం 2 మి.మీ. ఉందో, లోపల జాలీ ఉందో చూడండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడే ముక్క వీధి గుమ్మానికి పనికిరాదు. పిల్లల సైకిలు హ్యాండిల్ తగిలితే చాలు.

జీఆర్‌సీ (గాజు నార కలిపిన సిమెంటు) గట్టిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. కాకపోతే బరువు, బిగించడానికి అలవాటైన జట్టు కావాలి. ఇక సిమెంటుతో అక్కడికక్కడే రేకు అచ్చు లాగి చేసే పాత పద్ధతి ఉండనే ఉంది. మంచి తాపీ మేస్త్రి దొరికితే, ఇల్లు ఇంకా కట్టుబడిలోనే ఉంటే దానికి మించింది లేదు. పాత ఇంటికైతే ఈపీఎస్ తేలిక. ఈ రెండూ వివరంగా చెప్పుకుందాం.

కొలతలు, పొందిక

చుట్టు పట్టీ వెడల్పు ద్వారం వెడల్పులో ఆరో వంతు నుంచి ఎనిమిదో వంతు మధ్య ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. 42 అంగుళాల ద్వారానికి 6 అంగుళాలు తీసుకుందాం. ద్వారబంధం చెక్క అంచు నుంచి అర అంగుళం గోడ వదిలి పట్టీ మొదలుపెట్టండి. చెక్క అంచుకు సరిగ్గా కలిపేస్తే బంధంలోని చిన్న వంకర కూడా బయటపడుతుంది. పైగా చెక్క ఉబ్బినప్పుడు పట్టీని నెడుతుంది.

పైన 6 అంగుళాల పట్టీ, దాని మీద 6 అంగుళాల ఖాళీ నుదురు, ఆ పైన 6 అంగుళాల కార్నిస్. గచ్చు నుంచి కార్నిస్ నెత్తి దాకా మొత్తం 102న్నర అంగుళాలు, అంటే 8 అడుగుల ఆరున్నర అంగుళాలు. పోర్టికో కప్పు 10 అడుగులుంటే పైన ఇంకా అడుగున్నర దాకా ఊపిరాడే చోటు మిగులుతుంది. 9 అడుగులే ఉంటే నుదురు తీసేయండి. లింటల్‌తో కలిపి పోసిన సజ్జా ఏడడుగుల పైనే ముందుకొచ్చి ఉంటే కార్నిస్ జోలికి పోవద్దు. పక్క పట్టీలు, సజ్జా కింద ఇమిడే సన్నటి పై పట్టీ చాలు. ఇరుకులో దూర్చిన కార్నిస్ కన్నా అదే హుందాగా ఉంటుంది.

కార్నిస్ ఎంత ఎత్తో సుమారు అంత ముందుకు రావాలి. మన లెక్కకు 5 అంగుళాలు. అది పక్కలకు కూడా 5 అంగుళాలు పొడుచుకొస్తుంది కాబట్టి ద్వారబంధానికి రెండు వైపులా పదకొండున్నర అంగుళాల ఖాళీ గోడ ఉండాలి. ఒకవైపు కిటికీయో పక్క గోడో అడ్డొస్తే రెండు వైపులా సమంగా తగ్గించండి. ఒక్క వైపు తగ్గిస్తే గుమ్మం పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. గుమ్మం నేరుగా వీధిలోకో సందులోకో తెరుచుకునే ఇళ్ళలో కార్నిస్ మీ హద్దు దాటి కాలవ మీదికో పక్కింటి మీదికో పోకుండా చూసుకోండి.

చాలామంది మర్చిపోయేది దోమల మెష్ తలుపు. బయటికి తెరుచుకునే మెష్ తలుపో ఇనుప గ్రిల్లో ఉంటే, 2 అంగుళాల మందం పట్టీకి తగిలి సగంలో ఆగిపోతుంది. అలాంటి గుమ్మానికి ద్వారం వైపు అంచు అర అంగుళం మందంతో మొదలై బయటి అంచుకు పెరిగే డిజైన్ తీసుకోండి. కొనేముందు మందమంత చెక్క ముక్కను గోడకు ఆనించి తలుపు పూర్తిగా తెరిచి చూడండి.

సరుకు లెక్క ఇలా వస్తుంది. దిమ్మలు 8 అంగుళాల ఎత్తు. దిమ్మ మీంచి బయటి మూల దాకా పక్క పట్టీ ఒక్కోటి 82న్నర అంగుళాలు. పై పట్టీ బయటి కొలత 55. ఎనిమిదడుగుల ముక్కలు మూడు చాలు. కార్నిస్ ముందు భాగం 65, రెండు చివర్ల మలుపులు 5 చొప్పున, మొత్తం 75 అంగుళాలు. దీనికి ఒక ముక్క. ఐదో ముక్క ఒకటి అదనంగా తెచ్చుకోండి. మూల కోత తప్పితే అప్పటికప్పుడు అదే అచ్చు దొరకదు. టైల్ జిగురు 20 కిలోల బస్తా ఒకటి, 8×120 మి.మీ. నైలాన్ ప్లగ్గులు పాతిక, 2 అంగుళాల ఫైబర్ జాలీ టేపు ఒక చుట్ట, రంగు పట్టే అక్రిలిక్ సీలెంట్ రెండు ట్యూబులు. మామూలు సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు.

గోడ మూసేముందు చేయాల్సినవి

కాలింగ్ బెల్లు, కెమెరా వైరు, పక్క లైట్లు, నేమ్ ప్లేటు ఎక్కడో ఇప్పుడే గీయండి. స్విచ్చు బోర్డు పట్టీ కింద పడుతుంటే పైపు పక్కకు జరిపించండి. మోల్డింగ్‌ను చెక్కి బోర్డు ఇరికించొద్దు.

మామిడి తోరణం లేని వీధి గుమ్మం ఉండదు. మీరు కొక్కేలు పెట్టకపోతే పండగ పొద్దున ఎవరో ఒకరు మేకు తెచ్చి పట్టీలో కొడతారు. ఆ మేకు చిల్లులోంచే తొలి నీటిచుక్క లోపలికి పోతుంది. పై పట్టీ లోపలి అంచు కింద, చెక్క బంధానికే మూడు స్టీలు కొక్కేలు బిగించండి. దిష్టి గుమ్మడికాయ కొన్ని కిలోల బరువు తూగుతుంది, దాని కొక్కెం శ్లాబులోనే ఉండాలి. దీపాల మాట కూడా. గడప పక్కన ప్రమిద పెట్టే అలవాటుంటే పట్టీకి జానెడు దూరంగా పెట్టండి. మంట సెగకు థర్మోకోల్ లోపలే కరిగి పూత గుల్లగా మిగులుతుంది, బయటికి ఏమీ కనిపించదు.

దిమ్మలు ఎందుకంటే, గడప రోజూ కడుగుతాం, పసుపు రాస్తాం, ముంగిట్లో కళ్ళాపి చల్లుతాం. గచ్చు నుంచి చిందే నీళ్ళు ఆరేడు అంగుళాల దాకా ఎగురుతాయి. ఆ మేర థర్మోకోల్ గానీ ఉత్త సిమెంటు గానీ నిలవదు. 7 అంగుళాల వెడల్పు, 8 ఎత్తు, రెండున్నర మందంతో సిమెంటు దిమ్మ కట్టి మూడు ముఖాలకూ గ్రానైట్ పెట్టించండి. నెత్తిన కూడా గ్రానైట్ ముక్కే, కాస్త ముందుకు వాటంగా. పట్టీ మందం 2 అంగుళాలే కాబట్టి దిమ్మ దానికన్నా అర అంగుళం బయటికి ఉండి పట్టీ పూర్తిగా దాని మీద కూర్చుంటుంది.

గీత, గోకడం

ద్వారబంధం రెండు కర్ణాలూ కొలవండి. 42కు 84 అంగుళాల బంధానికి రెండూ దాదాపు 94 రావాలి, ముఖ్యంగా రెండూ సమానంగా రావాలి. తర్వాత గుండు వేలాడదీసి రెండు నిలువులూ చూడండి. తేడా 3 మి.మీ. లోపు అయితే పట్టీని గుండు ప్రకారం నిలబెట్టండి. ఇంకా ఎక్కువుంటే బంధం వెంటే పోనివ్వండి. కన్ను గుండును చూడదు, పక్కపక్కనున్న రెండు గీతల్ని పోలుస్తుంది. చెక్క పక్కన వదిలిన సందు కింద అర అంగుళం, పైన పావు అయితే ఆ తప్పు ఏళ్ళ తరబడి కనిపిస్తూనే ఉంటుంది. కార్నిస్ మట్టం మాత్రం రాజీ పడొద్దు. లెవల్ ట్యూబులో నీళ్ళు నింపి రెండు చివర్లా మట్టం గుర్తు పెట్టి, దారం కొట్టి గీయండి. ద్వారం మధ్య గీత కూడా నుదురు దాకా గీసుకోండి.

ఇప్పుడు పట్టీ కూర్చునే మేర గీతల మధ్య రంగు, పుట్టీ మొత్తం గోకేయాలి. మోల్డింగ్ ఊడిపోవడానికి మొదటి కారణం ఇదే. జిగురు పుట్టీకి బాగానే పట్టుకుంటుంది, పుట్టీయే గోడను వదిలేస్తుంది. ఊడిపడ్డ ముక్క వెనక చూస్తే జిగురుతో పాటు తెల్లటి పొర అతుక్కుని ఉంటుంది. సిమెంటు పూత కనిపించే దాకా గోకి, ఉలితో అంగుళానికి ఒకటి చొప్పున చిన్న గాట్లు పెట్టి, వైరు బ్రష్షుతో దుమ్ము దులపండి. గీతకు పావు అంగుళం లోపలే ఆగితే బయట రంగు చెదరదు.

అతికించడం

వడ్రంగి చేత 45 డిగ్రీల కోత పెట్టె ఒకటి చేయించుకోండి, మూడు చెక్క ముక్కల పని. సన్న పళ్ళ రంపంతో పూత వైపు నుంచి కోయండి, వెనకనుంచి కోస్తే ముఖం అంచు పెచ్చు లేస్తుంది. జిగురు కలపకముందే అన్ని ముక్కలూ గోడకు ఆనించి చూడాలి. మూలలో 3 మి.మీ. సందు ఉండొచ్చు, అది జిగురుతో నిండుతుంది. అంతకన్నా ఎక్కువైతే మళ్ళీ కోయండి.

టైల్ జిగురు 2 కిలోలకు సుమారు అర లీటరు నీళ్ళు. బస్తా మీద రాసిందే ప్రమాణం. కలిపి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ కలపండి. ఒకేసారి ఎక్కువ కలపొద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటాక గోడ వేడికి జిగురు మీద పావుగంటలో మీగడ కడుతుంది. వేలితో తాకితే అంటుకోకపోతే గీకేసి కొత్తది పెట్టండి. మీగడ కట్టిన జిగురు ఆ పూటకు పట్టుకున్నట్టే ఉండి నెల తర్వాత వదులుతుంది. రబ్బరు జిగురు, టోలుయిన్ (థిన్నర్ లాంటి) వాసన వచ్చే ఏ జిగురూ వాడొద్దు. అవి థర్మోకోల్‌ను తినేస్తాయి.

గోడ మీద కాస్త నీళ్ళు చిలకరించి, పళ్ళ తాపీతో గోడకూ ముక్క వెనకా రెండింటికీ జిగురు పట్టించండి. ఐదు చోట్ల ముద్దలు పెట్టి అతికించే అలవాటు మానిపించండి. ముద్దల మధ్య ఖాళీలో చీమలు, కందిరీగలు గూడు పెడతాయి, పైనుంచి దిగిన నీళ్ళు అక్కడే నిలుస్తాయి. ముందు రెండు పక్కలు, దిమ్మ మీద 5 మి.మీ. సందు వదిలి. ఆ సందులో తర్వాత సీలెంట్ పడుతుంది. అది లేకపోతే దిమ్మ నెత్తిన తడి పట్టీలోకి పైకి పాకుతుంది. తర్వాత పై పట్టీ, మూల కోతకు రెండు వైపులా జిగురు రాసి. చివరికి కార్నిస్. దాని కింద గీత వెంట రెండు రీపర్లు నిట్రాటల్లా ఆనించి, ప్లగ్గులు అప్పుడే కొట్టండి. పక్క పట్టీలకు ప్లగ్గులు మర్నాడు కొట్టినా చాలు. అడుగున్నరకు ఒకటి చొప్పున పెడితే మొత్తం ఇరవై దాకా పడతాయి. 120 మి.మీ. ప్లగ్గులో 50 పట్టీకి, 15 ప్లాస్టరింగ్‌కు, 5 జిగురుకు పోగా ఇటుకలోకి ఇంకా 50 మి.మీ. దిగుతుంది. పై పట్టీ లింటల్ మీద పడుతుంది కాబట్టి డ్రిల్లుకు కమ్మీ తగలొచ్చు. తగిలితే అంగుళం పక్కకు జరపండి, బలవంతం చేయొద్దు. ప్లగ్గు తల పూత కంటే 2 మి.మీ. లోపలికి పోవాలి.

24 గంటల తర్వాత రీపర్లు తీసి, అతుకులన్నిటి మీదా ఫైబర్ టేపు వేసి, తయారీదారు ఇచ్చిన పాలిమర్ సిమెంటు పూత 2 మి.మీ. పట్టించి అంచులు పలచబరచండి. కోసిన చివరల్లో థర్మోకోల్ తెల్లగా కనిపిస్తూ మిగిలిపోకూడదు. టేపు లేకుండా ఉత్త పుట్టీతో పూడ్చిన అతుకు మొదటి వేసవికే వెంట్రుకవాసి బీటగా తేలుతుంది.

కార్నిస్ నెత్తి, కార్నిస్ కడుపు

మన గుళ్ళ గోడల మీద కపోతం ఉంటుంది కదా. గుండ్రంగా ముందుకు వంగి, పావురం తల వంచినట్టు దిగే అంచు. వాన దాని వీపు మీద జారి అంచు నుంచి గోడకు దూరంగా రాలిపోతుంది. ఇంటి కార్నిస్ చేయాల్సిన పని కూడా అదే. చదునుగా వదిలేస్తే నీళ్ళు నిలిచి, దుమ్ము పేరుకుని, పాచి పట్టి, నుదుటి మీద నల్లటి చారలు దిగుతాయి.

నెత్తిన గోడ వైపు నుంచి ముందుకు వాటం ఇవ్వండి. 5 అంగుళాల లోతుకు కనీసం ముప్పావు అంగుళం. పోర్టికో కింద ఉంటే ఇంకా నిలువుగా, 45 డిగ్రీల దాకా ఇచ్చినా మంచిదే, పావురాలు కూర్చోలేవు. పాలిమర్ సిమెంటు పూతతో వాటం చేసి, ఆరాక నీరు పట్టని పూత రెండు కోట్లు వేసి, దాన్ని గోడ మీదికి 2 అంగుళాలు ఎక్కించండి. గోడకూ కార్నిస్‌కూ మధ్య గీతలో ముందే సీలెంట్ పెట్టాలి.

కార్నిస్ అడుగున ముందు అంచుకు 20 మి.మీ. లోపలగా, 10 మి.మీ. వెడల్పు, అంతే లోతున ఒక గాడి ఉండాలి. మేస్త్రులు డ్రిప్ అంటారు. అంచు దాటి అడుగుకు మళ్ళిన నీటిచుక్క ఆ గాడి దగ్గరకొచ్చి ఇక ముందుకు పాకలేక అక్కడే రాలుతుంది. కొన్న ముక్కలో గాడి లేకపోతే 10 మి.మీ. చదరపు అల్యూమినియం బద్దెను అడుగున సీలెంట్‌తో అతికించినా అదే పని చేస్తుంది. రంగుకు ముందు నెత్తిన ఒక చెంబు నీళ్ళు నెమ్మదిగా పోసి కింద నిలబడి చూడండి. చుక్కలు అంచు నుంచి గానీ గాడి నుంచి గానీ రాలాలి. ఒక్క చార గోడ మీదికి వచ్చినా అక్కడ వాటమో గాడో సరిదిద్దాలి.

సిమెంటుతో లాగించేట్టయితే

పైన చెప్పిన కొలతలకు సిమెంటు పని బరువు వంద కిలోలు దాటుతుంది. కాబట్టి కార్నిస్ వెనక ఆధారం కావాలి. కట్టుబడిలో ఉన్న ఇంటికి ఆ మట్టం దగ్గర ఇటుక వరుసను రెండు అంగుళాలు ముందుకు జరిపి కట్టమంటే సరిపోతుంది. పాత గోడకైతే 8 మి.మీ. కమ్మీ ముక్కలు అడుగుకు ఒకటి చొప్పున 4 అంగుళాలు గోడలోకి దించి గ్రౌట్ పోసి, వాటికి చికెన్ మెష్ కట్టాలి. ఊరికే పూత మీద పూత వేస్తూ మందం పెంచితే తన బరువుకే జారుతుంది.

డిజైన్ ఆకారాన్ని 20 గేజి జీఐ రేకులో కత్తిరించి, అంచు ఆకురాయితో నున్నగా రుద్ది, చెక్క పలకకు బిగిస్తే అచ్చు. గోడకు తిన్నగా కొట్టిన రీపరు మీద ఆ పలక జారాలి. రీపరు ఎంత తిన్నగా ఉంటే మోల్డింగ్ అంత తిన్నగా వస్తుంది, తర్వాత దిద్దడం కుదరదు. లోపలి పొరలకు 1:4, ఒక్కో పొర 12 మి.మీ. మించకుండా, ప్రతి పొరనూ గీతలు గీసి రాత్రంతా వదలాలి. చివరి పొర 1:3, సన్న జల్లెడ పట్టిన ఇసుకతో. వేలితో నొక్కితే ముద్ర పడి, వేలికి తడి అంటని సమయం చూసి అచ్చు లాగాలి, ఎప్పుడూ ఒకే దిక్కుకు. ముందే లాగితే సిమెంటు అచ్చు వెంట వచ్చేస్తుంది, ఆలస్యమైతే అంచు చిరుగుతుంది. రెండు మూడు లాగుళ్ళకు ఆకారం నిండాక పలచటి సిమెంటు పాలతో ఒక్కసారి లాగి వదిలేయాలి. మూలలు అచ్చుకు అందవు. అవి చేత్తో, చిన్న తాపీతో దిద్దే పని. మేస్త్రి చేతివాటం తెలిసేది అక్కడే. ఆయన చేసిన పాత పనిలో మూలలు చూసి ఒప్పుకోండి.

సిమెంటు ఒక బస్తా, ఇసుక 4 ఘనపుటడుగులు సరిపోతాయి. ఇసుక కృష్ణదైనా మట్టి చూడాలి. గాజు సీసాలో 10 సెంటీమీటర్లు ఇసుక పోసి నీళ్ళు నింపి కుదిపి మూడు గంటలు వదిలితే పైన తేరిన మట్టి పొర 8 మి.మీ. మించకూడదు. మించితే కడిగి వాడండి. మర్నాటి నుంచి ఏడు రోజులు గోనెపట్టా కప్పి తడి ఆరకుండా చూడాలి. గోనె లేకుండా ఊరికే నీళ్ళు కొట్టి వదిలేస్తే సన్నటి అంచులు ఎండకు ముందే ఆరిపోతాయి, అక్కడే బీటలు మొదలవుతాయి.

రంగు, సమయం

సిమెంటు మోల్డింగ్‌కు 28 రోజులు నిండాకే ప్రైమర్. తొందరపడితే సిమెంటులోని క్షారం రంగును మచ్చలు మచ్చలుగా తినేస్తుంది. సంక్రాంతికి కొత్త రంగులు కావాలంటే సిమెంటు పని నవంబరు చివరికే మొదలవ్వాలి. ఆ రోజుల్లో తుపాన్లు కూడా వస్తుంటాయి కాబట్టి టార్పాలిన్ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఈపీఎస్ అయితే డిసెంబరు మూడో వారంలో మొదలుపెట్టినా అందుతుంది.

సీలెంట్ ఆరాక బయటి గోడల అక్రిలిక్ ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు. థర్మోకోల్ మీద థిన్నర్ కలిపిన ఆయిల్ పెయింట్ వద్దు. పూతలో సూది బెజ్జమంత సందున్నా లోపల గొయ్యి పడుతుంది. మోల్డింగ్ గోడ కన్నా రెండు ఛాయలు లేతగా ఉంటే నీడగీతలు బాగా తేలతాయి. నాలుగు రంగులు, బంగారు గీతలు కలిపితే నీడ చేసే పనిని రంగు మింగేస్తుంది. తలుపు టేకుది అయితే దంతపు రంగు మోల్డింగ్ పక్కన ఆ చెక్క నిగారింపు రెట్టింపు కనిపిస్తుంది.

ఏడాదికోసారి, వానలకు ముందు జూన్ మొదట్లో, నెత్తిన దుమ్ము తుడిచి మూడు చోట్ల చూడండి: కార్నిస్ వెనక గీత, పై మూలలు, దిమ్మ మీది సందు. సీలెంట్ వదిలిన చోట పాతది పూర్తిగా కోసి తీసి కొత్తది పెట్టాలి, పాతదాని మీద పూస్తే నిలవదు. చీమల వరస పట్టీలోకి పోతుంటే చిల్లు వెతికి, లోపలికి మందు కొట్టి, రెండు రోజులు ఆగి పాలిమర్ సిమెంటుతో పూడ్చండి. ఎలుక కొరికిన చోట గాలి చొరబడకుండా పూడ్చే ముందు స్టీలు జాలీ ముక్క ఒకటి లోపల కుక్కండి, లేకపోతే అదే దారి మళ్ళీ తెరుస్తుంది.